భాషాశాస్త్రం డిగ్రీ: పేపర్ల జాబితా కన్నా ముందు వాటి వరుస తేల్చండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ళ పెద్దలకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్రం బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

మన దగ్గర భాషాశాస్త్రం చాలాకాలంగా పీజీ చదువుగానే ఉండిపోయింది. బీఏలో తెలుగో చరిత్రో చదివినవాళ్ళు, బీఎస్సీ చేసినవాళ్ళు, ఇంజనీరింగ్ అయ్యాక మనసు మార్చుకున్నవాళ్ళు ఎమ్మేలో చేరి, అక్కడ మొదటిసారి ఈ శాస్త్రం ముఖం చూస్తారు. ఇంటర్ కాగానే చేరే దారులు లేకపోలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మే ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్సుతో కలిపి అయిదేళ్ళ డ్యూయల్ డిగ్రీ ఉంది. మామూలు డిగ్రీ కాలేజీలో మాత్రం భాషాశాస్త్రం మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) దొరకడం అరుదు. నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది కాబట్టి ఇప్పుడైనా ఈ సబ్జెక్టును డిగ్రీలోకి తేవాలని అనుకునేవాళ్ళు మీలో ఉంటారు. ఆ పని మొదలుపెట్టే ముందు మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం.

నేను ఈ సబ్జెక్టు పాఠాలు చెప్పే మనిషిని. కొత్త డిగ్రీకి సిలబస్ వేసేటప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎమ్మే సిలబస్ తెచ్చి బల్ల మీద పెడతారు. అందులోని పదహారు పేపర్లను కాస్త పలచన చేసి ఆరు సెమిస్టర్లకు పంచుతారు. ఏది ఏ సెమిస్టర్లో అన్న ప్రశ్నకు జవాబు ఆ ఏడు ఎవరి టైం ఎప్పుడు ఖాళీగా ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. ఎమ్మేలో ఇది ఎలాగో నడిచిపోతుంది. వచ్చేవాళ్ళకు వయసుంది, ఒక డిగ్రీ చదివిన అలవాటుంది, వెనకాముందూ అయినా సర్దుకుంటారు. పదిహేడేళ్ళ పిల్లలు అలా సర్దుకోలేరు. అందుకని నా విన్నపం ఇది: ఏయే పేపర్లు ఉండాలన్న చర్చ కన్నా ముందు, ఏది దేని తర్వాత రావాలన్న చర్చ చేయండి.

చోటు తక్కువేమీ లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు (చదువు గంటల కొలమానం), నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160. మేజర్‌కు మూడేళ్ళలో కనీసం 60, నాలుగేళ్ళలో కనీసం 80. పేపరుకు నాలుగు క్రెడిట్లు వేసుకుంటే మూడేళ్ళకు 15 పేపర్లు, నాలుగేళ్ళకు 20. కోర్సులకు 100, 200, 300, 400 అని స్థాయిలు కూడా ఆ చట్రంలోనే ఉన్నాయి. అయితే ఒక పేపరు నెత్తిన 200 అని అంకె వేసినంత మాత్రాన అది 100 స్థాయి పేపరు మీద ఆధారపడినట్టు కాదు. రెండో ఏడాదిలో చెప్పేది మొదటి ఏడాది నేర్చుకున్నదాన్ని నిజంగా వాడుకోవాలి. అది జరిగితే చదువు ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

తెలుగు చదువుకున్న ప్రతి పిల్లా పిల్లాడూ బడిలో గసడదవాదేశ సంధి బట్టీ పట్టే ఉంటారు. పరుషాలైన క చ ట త ప లకు గ స డ ద వ లు వస్తాయి. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. పరీక్షలో రెండు మార్కులు వస్తాయి, కథ అక్కడితో అయిపోతుంది. భాషాశాస్త్రం డిగ్రీకి ఇంతకన్నా మంచి పెట్టుబడి దొరకదు, మనం దాన్ని వాడుకోవడం లేదంతే.

మొదటి సెమిస్టర్‌లో ధ్వనిశాస్త్రం చెబుతూ ఇదే సూత్రాన్ని మళ్ళీ బయటికి తీయండి. గొంతు మీద వేలు పెట్టుకుని క అనమనండి, గ అనమనండి. వేలికి తెలుస్తుంది. ధ్వనుల్ని బొమ్మగా చూపే, ఉచితంగా దొరికే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి చూపిస్తే కంటికీ తెలుస్తుంది. క గ అయింది, ట డ అయింది, త ద అయింది. మూడూ నాదం, అంటే గొంతు మోత, చేరిన మార్పులే. మరి ప బ కావాలి కదా, వ ఎందుకయింది? చ జ కావాలి కదా, స ఎందుకయింది? పైగా స లో గొంతు అసలు మోగనే మోగదు. నాదం చేరడమే సూత్రమనుకున్న పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. ఆగనివ్వండి. మొదటి సెమిస్టర్‌లో దీనికి జవాబు చెప్పనక్కరలేదు.

మూడో సెమిస్టర్‌లో వర్ణశాస్త్రం, అంటే ఒక భాషలో ధ్వనులు ఏ సూత్రాలతో నడుస్తాయో చెప్పేది, వస్తుంది. అప్పుడు అదే సూత్రాన్ని ఇంకోలా చూడొచ్చు. అయిదు మార్పుల్లోనూ హల్లు బలం తగ్గింది. కొన్నిట్లో నాదం చేరి తగ్గింది, కొన్నిట్లో నోరు పూర్తిగా మూసుకోవడం మానేసి తగ్గింది. విడివిడి మార్పులు కాస్తా ఒకే కుటుంబంలోకి వచ్చాయి. ఇక రెండో ప్రశ్న: అన్నదమ్ములు అంటాం, మరి అక్కచెల్లెళ్ళు అంటామే, అక్కసెల్లెళ్ళు అనమేం? ఒక సూత్రం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మానేస్తుంది, వాడుకలో ఎందుకు మినహాయింపులు మిగులుతాయి అన్నది వర్ణశాస్త్రం పాఠమంతటికీ గుండెకాయ లాంటి విషయం. దాన్ని వేరే దేశం భాష ఉదాహరణతో మొదలుపెట్టాల్సిన పని లేదు.

అయిదో సెమిస్టర్‌లో చారిత్రక భాషాశాస్త్రం. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ద్రావిడంలో అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్న స్పర్శాలు (క, ప లాంటి హల్లులు) బలహీనపడ్డాయనీ, తెలుగులో ఆ చోట్ల చ స్థానంలో స, ప స్థానంలో వ వచ్చాయనీ ఇక్కడ చెబుతాం. బడిలో బట్టీ పట్టిన గసడదవలు ఆ పాత మార్పుకు మిగిలిన జాడలని తెలిసే రోజు ఇది. కన్నడంలో కివి, కెరె అంటే మనకు చెవి, చెరువు. ఇ, ఎ పలికేటప్పుడు నాలుక ఎక్కడుంటుందో మొదటి సెమిస్టర్‌లో చూసిన పిల్లకు క ఎందుకు చ వైపు జరిగిందో వేరే చెప్పాల్సిన పనే ఉండదు. తనే చెబుతుంది.

ఇప్పుడు ఈ వరుసను తిరగేయండి. చారిత్రక భాషాశాస్త్రాన్ని రెండో సెమిస్టర్లో, వర్ణశాస్త్రాన్ని నాలుగో సెమిస్టర్లో పెట్టండి. ఇది ఊహించి చెప్పేది కాదు. నేను చూసిన ఒక చోట చారిత్రక భాషాశాస్త్రం చెప్పే పెద్దాయన రిటైర్ కాబోతున్నారని ఆ పేపర్ని ముందుకు లాగేశారు. పిల్లలు ద్రావిడ భాషల పట్టికలు కంఠస్థం చేశారు. ఉత్తర, దక్షిణ, మధ్య ఉపకుటుంబాలు, వాటి పేర్లు, వాటి కింద భాషల పేర్లు. పరీక్షలో రాశారు, మార్కులు బాగానే వచ్చాయి. ఒక మార్పు ఎందుకు జరిగిందని అడిగితే మాత్రం నోరు మెదపలేదు. తప్పు పిల్లలది కాదు.

వరుస అనగానే ప్రతి పేపరుకూ ముందు ఒక పేపరు కట్టేయడం కూడా ప్రమాదమే. ధ్వనిశాస్త్రం అయితేనే వర్ణశాస్త్రం, అదయితేనే పదనిర్మాణం, అదయితేనే వాక్యనిర్మాణం, అదయితేనే అర్థవిజ్ఞానం అని గొలుసు కట్టిన సిలబస్‌లు చూశాను. పాఠ్యపుస్తకాల్లో అధ్యాయాల వరుస అలాగే ఉంటుంది కాబట్టి డిగ్రీ కూడా అలాగే ఉండాలనుకుంటారు. నిజానికి వాక్యనిర్మాణానికి వర్ణశాస్త్రంతో పని చాలా తక్కువ. "నాకు ఆకలేస్తోంది" అన్న వాక్యంలో కర్త ఎవరు? "నిన్న వచ్చిన మనిషి" అన్నప్పుడు ఇంగ్లీషులో ఉండే సంబంధ సర్వనామం తెలుగులో ఎటు పోయింది? మేము, మనం అని రెండు ఎందుకున్నాయి, వాటితో పాటు క్రియ మారుతుందా? ఇవి మొదటి రోజు క్లాసులో అడగదగ్గ ప్రశ్నలు. వీటికి గొంతులో నాదం ఎలా పుడుతుందో తెలియనక్కరలేదు.

కాబట్టి మొదటి సెమిస్టర్‌ నుంచే రెండు దారులు పక్కపక్కన నడవనివ్వండి. ఒకటి ధ్వనుల దారి, ఇంకొకటి వాక్యాల దారి. రెండూ కలిసే చోటు పదనిర్మాణం. గది గదులు అవుతుంది, పులి పులులు అవుతుంది, చివరి ఇకారం ఉకారంగా మారిపోతుంది. అది బహువచన ప్రత్యయం గురించిన పాఠమా, అచ్చుల సామరస్యం గురించిన పాఠమా? రెండూను. అందుకే పదనిర్మాణాన్ని నాలుగో సెమిస్టర్‌లో పెట్టమంటున్నాను, రెండు వైపులా కొంత దూరం నడిచాక. అర్థవిజ్ఞానం అయిదులోనో ఆరులోనో రావచ్చు, తొందర లేదు. ఇలా చేస్తే ఏ గొలుసూ మూడు పేపర్లు దాటదు.

మొదటి సెమిస్టర్‌లో పెట్టకూడనిది కూడా ఒకటుంది. "భాషాశాస్త్ర పరిచయం" అనే పేరుతో సస్యూర్ ఏమన్నాడు, బ్లూమ్‌ఫీల్డ్ ఏమన్నాడు, చామ్‌స్కీ ఏమన్నాడు అని వరసగా చెప్పే పేపరు. ఎవరు ఎవరితో ఎందుకు విభేదించారో తెలియాలంటే వాళ్ళు దేని గురించి విభేదించారో ముందు తెలియాలి. ఆ పేపరును ఆరో సెమిస్టర్‌కు పంపండి. పాణిని కూడా అక్కడికే వెళ్ళాలంటాను, దీనికి కొందరు నొచ్చుకుంటారని తెలిసీ అంటున్నాను. సొంతంగా పది సూత్రాలు రాసి, వాటిని అయిదింటికి కుదించడానికి తంటాలు పడిన విద్యార్థికి ధ్వనులన్నిటినీ కుదించి చెప్పే పద్నాలుగు మాహేశ్వర సూత్రాల పొదుపు ఏమిటో అర్థమవుతుంది. మొదటి సెమిస్టర్‌లో చెబితే దండం పెట్టి పక్కన పెట్టేస్తారు.

కంప్యూటర్ విషయం. ఏఐ మాట వినబడగానే ప్రతి సిలబస్ చివర గణన భాషాశాస్త్రం అని ఒక పేపరు అతికిస్తున్నారు. చివరి సెమిస్టర్‌లో అది ఎవరికీ పనికిరాదు. ఆర్ట్స్ నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది లెక్కలు పదో తరగతితో వదిలేసి ఉంటారు. వాళ్ళకు ఆరో సెమిస్టర్‌లో ఒక్కసారిగా ప్రోగ్రామింగ్, సంభావ్యత, న్యూరల్ నెట్‌వర్కులు అంటే టెన్షన్ తప్ప మిగిలేది ఉండదు. రెండో సెమిస్టర్‌లోనే చిన్నగా మొదలుపెట్టండి: ఒక తెలుగు వార్తాపత్రిక పాఠం తీసుకుని అందులో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పది వరుసల పైథాన్ ప్రోగ్రాం. తెలుగులో ఒక్క క్రియకు ఎన్నెన్ని రూపాలో ఆ లెక్కలోనే బయటపడుతుంది. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళలేదు, వెళ్తేగానీ అన్నీ కంప్యూటర్ వేరువేరు మాటలుగా లెక్కపెడుతుంది. పదనిర్మాణం ఎందుకు చదవాలో అప్పుడు తెలుస్తుంది. సంఖ్యాశాస్త్రం కూడా విడి పేపరుగా కాకుండా మొదటి ఏడాది రికార్డు చేసిన అచ్చుల కొలతలతోనే నేర్పొచ్చు. సగటు, విచలనం, రెండు గుంపుల మధ్య తేడా నిజమా కాదా అన్నంత వరకు చాలు. యూజీసీ చట్రంలో నైపుణ్య కోర్సులకు 9 క్రెడిట్లు విడిగా ఉన్నాయి. మేజర్‌లో చోటు లేదనడానికి వీల్లేదు.

ఇక క్షేత్ర పరిశోధన. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఇదే.

తెలుగు నేల మీద భాషాశాస్త్రానికి గొప్ప చరిత్ర ఉందని సభల్లో చెబుతుంటాం. ఆ చరిత్రంతా ఊళ్ళు తిరిగి తయారైనదే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర మనుషుల దగ్గర సవర నేర్చుకున్నారు. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. భద్రిరాజు కృష్ణమూర్తి 'కొండ' అనే ద్రావిడ భాష మాట్లాడేవాళ్ళ మధ్య పనిచేసి దానికి వర్ణన రాశారు. ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాల మీద. జిల్లాల వారీగా రైతుల నోటి మాటలు సేకరించి కూర్చింది. ఆ వారసత్వం మనదని చెప్పుకుంటూ మూడేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లల్ని గది దాటనివ్వని సిలబస్ వేయడం నాకు మింగుడుపడదు.

వరుస ఇక్కడ ఎలా ఉండాలి? వృత్తిపదాల సేకరణకు పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. విన్నది విన్నట్టు రాసుకోవడం వస్తే చాలు, అంటే ధ్వనిశాస్త్రం ఒక్కటి అయితే చాలు. కాబట్టి మొదటి ఏడాది వేసవిలోనే ఆ పని ఇవ్వొచ్చు. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో మగ్గం ముందు కూర్చుని మగ్గంలో ప్రతి భాగానికీ ఏమంటారో రాసుకురమ్మనండి. సముద్రం దగ్గర ఊరి పిల్లలు వలల గురించి, గాలుల గురించి రాసుకొస్తారు. సొంత ఊళ్ళోనే, సొంత మనుషులతోనే కాబట్టి ఖర్చు లేదు, భయం లేదు. ఏడాదితో చదువు ఆపేసి సర్టిఫికెట్ తీసుకునేవాళ్ళకు 4 క్రెడిట్ల వేసవి పని తప్పనిసరి అని చట్రంలో ఉంది. ఇదే ఆ పని కావచ్చు.

తెలియని భాషతో పనిచేయడం వేరే సంగతి. అది రెండు సెమిస్టర్ల పని, ఒకదాంట్లో కుదరదు. అయిదో సెమిస్టర్ అంతా వారానికి రెండుసార్లు ఆ భాష మాట్లాడే మనిషి క్లాసుకు రావాలి. ఆయనో ఆమో చెబుతుంటే పిల్లలు అడుగుతూ, రాస్తూ, తప్పులు దిద్దుకుంటూ ఒక చిన్న వ్యాకరణం కట్టుకోవాలి. ఆ మనిషి కోసం అడవికి పోనక్కరలేదు. యూనివర్సిటీ హాస్టళ్ళలో కోయ, గోండి, లంబాడీ ఇంట్లో మాట్లాడే పిల్లలు ఉన్నారు. అదే క్యాంపస్‌లో నాలుగు గదుల అవతల ఉంటారు, మనం పిలవం అంతే. ఆ గంటలకు డబ్బు ఇవ్వాలి, ఇది దయచేసి రాసుకోండి. భాష చెప్పే మనిషికి గౌరవ వేతనం అనే పద్దు చాలా బడ్జెట్లలో ఉండదు. టీ ఇచ్చి పంపేస్తారు.

ఆరో సెమిస్టర్‌లో ఊరికి వెళ్ళాలి. ఎందుకు ఆరు అంటే, మన క్యాలెండర్‌లో అది సంక్రాంతి తర్వాత పడుతుంది. వానాకాలంలో అరకు, పాడేరు కొండదారుల్లో పిల్లల్ని తిప్పలేం. జూన్ నుంచి పంట ఇంటికి వచ్చేదాకా మీ పదాల పట్టికకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మార్చి వస్తే ఇప్పపూల పని, ఆపైన ఎండ. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండి, కొలామి మాట్లాడే ఊళ్ళకైనా, భద్రాచలం, చింతూరు వైపు కోయ ఊళ్ళకైనా, సీతంపేట వైపు సవర ఊళ్ళకైనా జనవరి చివర, ఫిబ్రవరి సరైన కాలం. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు వస్తుంది కాబట్టి ఆ రోజులు చూసుకుని వెళ్ళండి. జాతరకు పిల్లల్ని తీసుకెళ్ళడం సరదాయే, కానీ అక్కడ మూడు గంటలు కూర్చుని క్రియా రూపాలు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? క్షేత్ర పనికి ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. నాలుగు క్రెడిట్లకు 120. పది రోజులు ఊళ్ళో రోజుకు ఎనిమిది గంటలు, మిగతా 40 గంటలు తిరిగి వచ్చాక రికార్డింగులు రాసుకోవడం. మొదటి సెమిస్టర్‌లో ధ్వనిశాస్త్రం, రెండో సెమిస్టర్‌లో కంప్యూటర్, నాలుగో సెమిస్టర్‌లో పదనిర్మాణం పెట్టమన్నది ఈ పది రోజులు వృథా కాకూడదనే. సవర ద్రావిడ భాష కాదు, ముండా అనే వేరే కుటుంబం భాష. తెలుగు అలవాటుతో వెళ్ళిన విద్యార్థికి అక్కడ ప్రతిదీ కొత్త. చేతిలో పనిముట్లు లేకుండా వెళ్తే ఫొటోలతో తిరిగొస్తారు.

ఈ వరుస కాగితం మీద బాగానే ఉంటుంది, ఫెయిలైన పిల్లల మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా. మన పద్ధతిలో ఒక పేపరు పోతే అది బ్యాక్‌లాగ్ అవుతుంది, విద్యార్థి పై సెమిస్టర్‌కు వెళ్ళిపోతాడు. ధ్వనిశాస్త్రం పాసైతేనే వర్ణశాస్త్రం అని రూల్ పెడితే ఒక్క పేపరు వల్ల ఏడాది పోతుంది. అలాంటి రూల్ వద్దు. క్లాసులకు వచ్చి ఉండాలి, ప్రాక్టికల్స్ చేసి ఉండాలి అన్న షరతు చాలు, పాస్ అన్నది తర్వాత చూసుకోవచ్చు. మూడో సెమిస్టర్ మొదటి రెండు వారాలు ధ్వనిశాస్త్రం మళ్ళీ తిరగేయడానికి వదిలేయండి. పాసైనవాళ్ళలో సగం మందికి కూడా అది అవసరమే, ఎవరూ పైకి చెప్పరు. ధ్వనిశాస్త్రం సప్లిమెంటరీ పరీక్ష మాత్రం మూడో సెమిస్టర్ మొదలయ్యేలోపు పెట్టించండి. ఇది పరీక్షల విభాగం చేతిలో ఉన్న పని కాబట్టి సిలబస్ కమిటీలు పట్టించుకోవు. వరుస నిలబడేది, కూలిపోయేది మాత్రం అక్కడే.

ఇంకో గట్టి అభ్యంతరం: మాస్టార్లు ఏరీ? లెక్క చూద్దాం. నాలుగేళ్ళకు 20 పేపర్లు అంటే, నాలుగు బ్యాచ్‌లూ నిండాక ఒక్కో సెమిస్టర్‌లో సుమారు పది మేజర్ పేపర్లు ఒకేసారి నడుస్తాయి. శాఖలో నలుగురుంటే మనిషికి రెండున్నర, దాని మీద ఎమ్మే క్లాసులు, పరిశోధక విద్యార్థులు. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్ళ నెత్తిన ఇంకా ఎక్కువ పడుతుంది. ఉద్యోగాలు నింపమని అడగాల్సిందే, కానీ అవి నిండేదాకా ఆగాలంటే ఈ డిగ్రీ ఎప్పటికీ రాదు. దారి ఉంది. మొదటి నాలుగు సెమిస్టర్ల పేపర్లు ఏటా నడపండి, వాటిని కదపొద్దు. మూడు, నాలుగు సంవత్సరాల ఐచ్ఛికాలను కలిపి, ఏడాది విడిచి ఏడాది నడపండి. ఈ ఏడు సామాజిక భాషాశాస్త్రం అయితే వచ్చే ఏడు మనోభాషాశాస్త్రం. ఈ ఏడు అనువాదం అయితే వచ్చే ఏడు నిఘంటు నిర్మాణం. మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. దీనికి ఒక్కటే షరతు: ఈ ఐచ్ఛికాల్లో ఏదీ ఇంకో ఐచ్ఛికం మీద ఆధారపడకూడదు. అన్నీ నాలుగో సెమిస్టర్ దాకా నేర్చుకున్నదాని మీదే నిలబడాలి. సరి సంవత్సరంలో చేరినవాళ్ళకు ఒక పట్టిక, బేసి సంవత్సరంలో చేరినవాళ్ళకు ఇంకో పట్టిక వేసి చూడండి. రెండింట్లోనూ దారి ఎక్కడా తెగకపోతే మీ సిలబస్ సరిగ్గా ఉన్నట్టు.

మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) తీసుకునేవాళ్ళ గురించి క్లుప్తంగా. మూడేళ్ళలో మైనర్‌కు 24 క్రెడిట్లు, అంటే ఆరు పేపర్లు. కంప్యూటర్ సైన్స్ పిల్లలు, తెలుగు, ఇంగ్లీషు సాహిత్యం పిల్లలు వస్తారు. వాళ్ళ కోసం వేరే సిలబస్ రాయకండి. మొదటి ఏడాది ధ్వనుల పేపరు, వాక్యాల పేపరు వాళ్ళకూ మేజర్ పిల్లలకూ ఒకటే కావాలి. ఆ తర్వాత ఒక దారి ఎంచుకోమనండి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు కూడా సిలబస్ జవాబు చెప్పాలి. బడిలో భాషాశాస్త్రం అనే సబ్జెక్టు లేదు. టీచర్ ఉద్యోగం మనసులో ఉన్న విద్యార్థికి తెలుగో ఇంగ్లీషో మైనర్‌గా ఉండాలని చేరిన రోజే చెప్పాలి, మూడో ఏడు చెబితే ఏం లాభం? అలాగే స్పీచ్ థెరపీ చేయొచ్చనుకుని ఈ కోర్సులో చేరేవాళ్ళు ఉంటారు. దానికి వేరే డిగ్రీ ఉంది, ఆ వృత్తికి గుర్తింపు అక్కడి నుంచే వస్తుంది. ప్రాస్పెక్టస్‌లో ఒక్క వాక్యం రాస్తే కొన్ని కుటుంబాలకు ఎంత మేలో.

నాలుగో ఏడాది అందరికీ కాదు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్ళు పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు, అందులో 12 క్రెడిట్లు పరిశోధనకే. ఆ విద్యార్థి ఆరో సెమిస్టర్‌లో ఊళ్ళో రికార్డు చేసుకొచ్చిన సరుకే ఎనిమిదో సెమిస్టర్‌లో పరిశోధన వ్యాసం కావాలి. ఏడో సెమిస్టర్‌లో కొత్తగా విషయం వెతుక్కోవడం మొదలుపెడితే ఇంటర్నెట్ మీద పడటం తప్ప దారి ఉండదు. మూడేళ్ళకే వెళ్ళిపోయే విద్యార్థికి కూడా ఆరో సెమిస్టర్ చివర సొంతంగా చేసిన పని ఒకటి చేతిలో ఉంటుంది. ఎమ్మే ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు.

బోధన ఇంగ్లీషులో జరిగినా విశ్లేషణ రాసే భాష తెలుగు కావచ్చని సిలబస్‌లోనే రాయండి. చేకూరి రామారావు గారు తెలుగు వాక్యం మీద తెలుగులోనే శాస్త్రం రాసి చూపించారు. తెలుగు పదనిర్మాణం గురించి తెలుగులో ఆలోచించి, మార్కుల కోసం దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకునే పనిలో ఆలోచన సగం కారిపోతోంది.

చివరిగా మూడు పనులు అడుగుతున్నాను. ముసాయిదా వరుసను అడ్మిషన్ల నోటిఫికేషన్ కన్నా ముందే బయటపెట్టండి, మా లాంటి వాళ్ళం, ఈమధ్యే ఎమ్మే ముగించిన పిల్లలూ అభిప్రాయం చెబుతాం. ఒక బ్యాచ్ చేరాక వాళ్ళ వరుసను మధ్యలో మార్చకండి, కొత్త మార్పులు తర్వాతి బ్యాచ్ నుంచి రానివ్వండి. భాష చెప్పే మనుషుల గౌరవ వేతనం, ఆరో సెమిస్టర్ ప్రయాణం ఖర్చు ఈ రెండింటికీ మొదటి ఏడాది బడ్జెట్‌లోనే పద్దు తెరవండి. అయిదో సెమిస్టర్ వచ్చాక అడిగితే ఆర్థిక విభాగం ఏమంటుందో మీకు తెలియనిది కాదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక భాషాశాస్త్ర అధ్యాపకుడు